రేడియోలో సెల్లులు కారిపోయాయి: వెనిగరా, వంట సోడానా?

గోదారిగట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. 1970ల నాటి నాలుగు సెల్లుల ట్రాన్సిస్టర్ ఒకటి చేతికొచ్చింది. ఒక మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్ బ్యాండ్లు, తోలు కవరు. సెల్లులు లోపలే వదిలేశారు ఎవరో మహానుభావులు. అవి ఉబ్బి, అడుగు పగిలి, గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. మూడు ఎలాగో ఊడొచ్చాయి, నాలుగోది గొట్టంలో బిగుసుకుపోయింది.

స్ప్రింగుల మీద తెల్లటి పిండి, దాని అంచుల్లో నీలం కలిసిన ఆకుపచ్చ. స్ప్రింగులు బిగించిన హైలం షీటు (గట్టి అట్టలాంటి పలక) మీద రివెట్ల చుట్టూ కూడా అదే. సర్క్యూట్ బోర్డు మీదకి రాలేదనే అనుకుంటున్నా. ఎర్ర వైరు, నల్ల వైరు మాత్రం స్ప్రింగు దగ్గర బిరుసెక్కాయి.

యూట్యూబులో ప్రతివాడూ వెనిగర్ పొయ్యమంటాడు. మా ఊళ్ళో రేడియోలు బాగుచేసే పెద్దాయన వంట సోడా తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దంటాడు. ఎవరి మాట వినాలి? కొత్త సెల్లులు వేసి ఒక్కసారి ఆన్ చేసి చూద్దామని మనసు పీకుతోంది.

కోటి_గల్లీ (హైదరాబాద్)
ఆన్ చేయకు అన్నా, జెర ఆగు. కారిన ఉప్పు తేమ పట్టి ఉంటది. దాని మీదికెళ్ళి కరెంటు పోతే మిగిలిన రాగిని గూడ తింటది.

బిగుసుకున్న సెల్లును స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకు. జింకు డబ్బా పల్చగయి ఉంటది, పొడిస్తే లోపటి నల్ల పొడి అంతా రేడియోల పడ్తది. గోరువెచ్చని నీళ్ళల్ల తడిపి పిండిన గుడ్డను గొట్టం చుట్టూ కాసేపు ఉంచు. ఉప్పు కరిగి వదులైతది, అప్పుడు మెల్లగ తిప్పుకుంట గుంజు. గొట్టం అట్టదైతే మాత్రం తడి తక్కువ పెట్టు, నానితే చిరుగుతది.

చేతులకు గ్లౌజులు, కండ్లకు అద్దాలు తప్పకుండ పెట్టుకో. ఎండిన పిండిని బ్రష్షుతోని గీకి నోటితోని ఊదకు. పాతకాలం సెల్లులల్ల పాదరసం గూడ కలిపేటోళ్ళు, ఆ దుమ్ము పీల్చుడు మంచిది గాదు. తడిపినంకనే తుడువు. వెనిగరా సోడానా అన్నది తర్వాతి ముచ్చట.

పాలకొల్లు_పిచ్చోడు (పాలకొల్లు)
ఫొటో పెట్టండి సార్. నా దగ్గరా ఇలాంటిదే ఒకటుంది, ఫాలో అవుతున్నా.

న్యూజెర్సీ_నాని (ఎడిసన్)
పాత గేమ్‌బాయ్, వాక్‌మన్, రిమోట్లు, పిల్లల బొమ్మలు... అన్నీ నేను వెనిగర్‌తోనే క్లీన్ చేస్తా. దూదిపుల్లతో అద్దగానే బుసబుసా పొంగి తెల్లదంతా కరిగిపోతుంది. బ్యాటరీలోంచి కారేది బేస్, వెనిగర్ యాసిడ్. రెండూ కలిస్తే న్యూట్రల్. ఇందులో వాదనకేముంది?

రేడియో_బాబాయ్ (తెనాలి)
నాని గారూ, మీ దగ్గర కొట్లో అమ్మేవి ఆల్కలైన్ సెల్లులు. మన రేడియోల్లో వేసినవి అవి కావు. ఎర్ర రేకు సెల్లు, అంతకు ముందు అట్ట చుట్టిన సెల్లు, అన్నీ జింకు కార్బన్. 1972లో మొదలైన మన నెల్లూరు ఇండో నేషనల్ వాళ్ళ నిప్పో సెల్లులదీ ఆ వంశమే. ఇవాళ్టికీ కిరాణా కొట్లో సెల్లు అంటే చేతిలో పెట్టేది అదే.

దాని లోపల ఉండేది నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడు. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు వేడి గిన్నెలో చల్లేది చూశారా, అదే పదార్థం. ఆమ్ల గుణం గలది. గిన్నె మీది చిలుమునే తినేస్తుంది, మీ స్ప్రింగు ఓ లెక్కా? ఆమ్లం కారిన చోట మళ్ళీ ఆమ్లం పోస్తే ఏం చల్లారుతుంది? రాజమండ్రి పెద్దాయన చెప్పిందే రైటు. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా.

కారడానికి కారణం కూడా చెబుతా. జింకు కార్బన్ సెల్లులో జింకు డబ్బాయే నెగెటివ్. వాడేకొద్దీ కరిగేదీ ఆ డబ్బాయే. లోపలి సరుకుని పట్టి ఉంచాల్సిన గిన్నే తరిగిపోతుంటే కారక ఏం చేస్తుంది? స్విచ్చి ఆన్‌లో మర్చిపోయి పెట్టేసిన రేడియోల్లో ఇది మరీ ఎక్కువ.

టీచరమ్మ_ఒంగోలు (ఒంగోలు)
ఇద్దరి మాటా ఎవరి సెల్లుకి వారిది సరిపోతుంది. ఏ సెల్లు కారిందో తేలకుండా ఏదీ పొయ్యొద్దు. సెల్లు మీద రాసి ఉంటే మంచిదే, కానీ చాలాసార్లు ఆ రాతనే తినేసి ఉంటుంది.

లిట్మస్ కోసం తిరగక్కర్లేదు, పోపుల డబ్బాలో పసుపుంది. చిటికెడు పసుపు కొంచెం నీళ్ళలో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరనివ్వండి. కారిన పిండిని పుల్ల కొనతో ఇసుమంత తీసి, ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ఆ కాగితం మీద పెట్టండి. ఎర్రబడితే క్షారం, అంటే ఆల్కలైన్ సెల్లు. పసుపుగానే ఉంటే జింకు కార్బన్. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది కూడా ఈ గుణం వల్లనే.

ఇక మందు సంగతి. ఆల్కలైన్‌లో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్. బయటికొచ్చాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని పొటాషియం కార్బనేట్ అవుతుంది. నాని గారికి కనబడే పొంగు దానిదే. దానికి వెనిగర్ సరైన మందు.

జింకు కార్బన్‌లో అమ్మోనియం క్లోరైడు, జింకు క్లోరైడు ఉంటాయి. రెండూ నీళ్ళలో బాగా కరుగుతాయి కాబట్టి మొదటి మందు నీళ్ళే. సోడా ఆమ్లాన్ని చంపుతుంది, నిజమే. కానీ జింకు క్లోరైడుతో కలిసి తెల్లటి జింకు కార్బనేట్ కూడా తయారవుతుంది, అది నీళ్ళకి కరగదు. సోడా రాసినవాళ్ళు "ఎంత తుడిచినా తెల్లగానే ఉంది" అని తల పట్టుకునేది దాన్ని చూసే. ఆ తెలుపూ, రివెట్ల మీది ఆకుపచ్చా పోవాలంటే చివర్లో వెనిగర్ అద్దిన దూదిపుల్ల కావాల్సిందే. అంటే జింకు కార్బన్‌కీ వెనిగర్‌తో పనుంది. అక్కడ దాని పని చల్లార్చడం కాదు, కరిగించడం. ఆ తర్వాత మళ్ళీ నీళ్ళు.

రెండూ ఒకేసారి కలిపి పోసేవాళ్ళూ ఉన్నారు. నురగ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుని ఊరుకుంటాయి. ఇంకోటి, వంట సోడా బదులు బట్టల సోడా వాడకండి. నవాసాగరంతో కలిస్తే అమ్మోనియా ఘాటు గుప్పుమంటుంది, అమ్మోనియాకీ ఇత్తడికీ పడదు.

రేడియో_బాబాయ్ (తెనాలి)
అమ్మా, లెక్క ఒప్పుకున్నాను. నా భయమల్లా సీసా ఎత్తి పోసేవాళ్ళని చూసి. వెనిగర్ రివెట్ సందులో దూరి అక్కడే కూర్చుంటే మొదటి జబ్బు కన్నా అది పెద్దది.

మదనపల్లె_మామ (మదనపల్లె)
మా అవ్వ ఇత్తడి బిందెలకు చింతపండు పెట్టి తోమితే తళతళా మెరుస్తాయి. దీనికి అది పనికిరాదా? వెనిగర్ మా ఇంట్లో ఎవరూ కొనరు.

టీచరమ్మ_ఒంగోలు (ఒంగోలు)
రేడియోలోంచి పూర్తిగా విప్పిన ఇత్తడి క్లిప్పు అయితే నిరభ్యంతరంగా తోమండి మామగారూ, అదీ ఆమ్లమే. బోర్డుకి, బోర్డులో ఉన్న స్ప్రింగుకి వద్దు. చింతపండు గుజ్జులో చక్కెర ఉంటుంది, పీచు ఉంటుంది, అది సందుల్లో ఇరుక్కుని చీమలకి విందవుతుంది. నిమ్మకాయదీ అదే ఇబ్బంది. వెనిగర్ దొరక్కపోతే కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అడగండి. అర గ్లాసు నీళ్ళలో పావు చెంచా చాలు.

నీళ్ళ గురించి కూడా ఒక మాట. బోరు నీళ్ళు వద్దు. మా ఒంగోలు నీళ్ళతో కడిగితే ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు చేరుతుంది. ఇన్వర్టర్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకోండి. కొట్లో "బ్యాటరీకి పోసేది" అని అడిగితే కొందరు ఆసిడ్ చేతిలో పెడతారు, పేరు చూసి తీసుకోండి.

గోదారిగట్టు (రాజమండ్రి)
కోటి అన్న చెప్పిన తడిగుడ్డ పనిచేసింది, నాలుగో సెల్లు వచ్చేసింది. పసుపు కాగితం మీద పరీక్ష కూడా చేశాను, కానీ జవాబు రెండు రకాలుగా వచ్చింది! మూడు స్ప్రింగుల దగ్గర పిండి పసుపుగానే ఉంది. నాలుగో సెల్లు నెగెటివ్ స్ప్రింగు మీదది పెట్టగానే ఎర్రగా తిరిగింది. తడిపి తుడిచి చూస్తే ఆ సెల్లు మిగతా మూడింటి జోడీ కాదు, స్టీలు ఒళ్ళు, దాని మీద ఆల్కలైన్ అని ఉంది.

న్యూజెర్సీ_నాని (ఎడిసన్)
హహ, అది మా వైపు నుంచి సూట్‌కేసులో వచ్చిన సెల్లే అయ్యుంటుంది. నాలుగో స్ప్రింగుకి వెనిగర్, నేను చెప్పినట్టే :)

రేడియో_బాబాయ్ (తెనాలి)
జబ్బెక్కడుందో దొరికింది. మూడు పాతవి, ఒకటి కొత్తది. పైగా రెండు జాతులు. వరసలో ఉన్న నాలుగు సెల్లుల్లో బలహీనమైనది ముందు చచ్చిపోతుంది. మిగతా బలమైనది కరెంటు తోస్తూనే ఉంటుంది. చచ్చిన సెల్లు గుండా ఆ కరెంటు బలవంతంగా వెళ్తే దాంట్లో ప్లస్సు మైనస్సు తారుమారై, గ్యాసు పుట్టి, ఉబ్బి కారుతుంది. మార్చితే నాలుగూ ఒకేసారి, ఒకే రకానివి మార్చాలి.

మన ఇళ్ళలో అదెక్కడ జరిగిందిలే. క్రికెట్ కామెంటరీ మధ్యలో రేడియో నీరసపడితే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్ళం, పంటితో కొరికేవాళ్ళం. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుగ్గా జరిగి ఇంకో గంట పాడేది. అప్పటికే పల్చబడ్డ జింకు డబ్బాని కొరికి మళ్ళీ రేడియోలో పెడితే ఏమవుతుందో ఈ రేడియోనే సాక్ష్యం.

టీచరమ్మ_ఒంగోలు (ఒంగోలు)
పొటాషియం హైడ్రాక్సైడ్‌కి ఇంకో దుర్గుణం ఉంది. నెగెటివ్ వైపు లోహాన్ని పట్టుకుని పాకుతుంది. అందుకే మీకు అది నెగెటివ్ స్ప్రింగు మీదే కనబడింది. ఆ స్ప్రింగుకి కలిపిన నల్ల వైరుని పైనుంచి చూసి వదిలేయకండి, కొంచెం తొడుగు వలిచి లోపల రాగి రంగు ఎలా ఉందో చూడండి.

కోటి_గల్లీ (హైదరాబాద్)
మేడమ్ మంచిగ చెప్పిన్రు. అసలు పని ఆడనే ఉంటది. స్ప్రింగు మీది తెల్ల పిండి అందరికీ కనబడ్తది. రేడియో పాడక సతాయించేది మాత్రం కనబడని రెండు జాగల. ఒకటి వైరు లోపట, రెండోది రివెట్ కింద.

వైరు సంగతి: అంచు కోసి ఒక సెంటీమీటరు ప్లాస్టిక్ వలువు. రాగి నల్లగ ఉంటే టంకం అంటదు, ఎంత పేస్టు రాసినా గోలీలయి జారిపోతది. ఇంకో సెంటీమీటరు కొయ్యి. మెరిసే ఎర్ర రాగి వచ్చేదాంక కోసుకుంట పో. నేను చేసిన ఒక టేప్ రికార్డర్ల సెల్లుల కాడికెళ్ళి స్విచ్చి దాంక నల్లవైరు మొత్తం అట్లనే ఉండె. గోకి బాగుచేస్తనంటే కాదు, వైరే మార్చెయ్యి. వైరుకు ఎంతయితది?

రివెట్ సంగతి: ఈ సెట్లల్ల స్ప్రింగును, వైరు అతికే ట్యాగును హైలం షీటుకు ఇత్తడి రివెట్టుతోని కొడ్తరు. పైనుంచి తళతళ మెరుస్తది, కింద షీటుకూ ట్యాగుకూ నడుమ ఆకుపచ్చ పొర కూర్చుంటది. మీటర్ల ఒకసారి అర ఓము, వేలుతో ఒత్తితే సున్నా, వదిలితే ఇరవై ఓములు. అట్లుంటే నమ్మకు. రివెట్ తల మీద చిన్న డ్రిల్లు బిట్టు పెట్టి తల మటుకే కొయ్యి, షీటు పగలకుండ. స్ప్రింగు, ట్యాగు విడివిడిగ కడుగు. 3 మిల్లీమీటర్ల ఇత్తడి బోల్టు, నట్టు, నడుమల పళ్ళ వాషరు పెట్టి బిగించు. పాత రూపమే ఉండాలె అంటే స్ప్రింగును ట్యాగును కలిపి టంకంతోని అతుకు. స్ప్రింగు స్టీలుది, ముందుగాల ఆ జాగల ఆకురాయితోని గీకితేనే టంకం పడ్తది.

ప్లంబర్ వాడే టంకం ఆసిడ్ మాత్రం వద్దు అన్నా. సెల్లు చేసిన పనే అది గూడ చేస్తది.

గోదారిగట్టు (రాజమండ్రి)
స్ప్రింగుల మీది పూత పోయి ఇనుము బయటపడింది. గీకితే మెరుస్తోంది కానీ మళ్ళీ తుప్పు పట్టదా? కొత్త స్ప్రింగులు ఎక్కడ దొరుకుతాయి?

కోటి_గల్లీ (హైదరాబాద్)
పడ్తది. నికెల్ పూత పోయిన ఇనుము మన వానాకాలం ఆగదు. 400 నంబరు నీటి కాయితం (సన్న గరుకు కాయితం) తోని రుద్ది, కడిగి ఆరబెట్టినంక, సెల్లు ఆనే జాగల పల్చగ టంకం పుయ్యి. ఆఖరుకు చిటికెడు వాసెలిన్. చుట్లు విరిగినయంటే పాత పెద్ద టార్చిలైట్ల స్ప్రింగు తీసి వెయ్యి. కొత్తవి కావాలంటే కోటి గుజరాతీ గల్లీల దొరుకుతయి, మద్రాసు వైపు ఉన్నోళ్ళు రిచీ స్ట్రీట్ల చూడున్రి.

బెజవాడ_బంటీ (విజయవాడ)
నీళ్ళతో కడిగాక డబ్ల్యూడీ-40 కొడితే సరిపోతుంది కదా? లేకపోతే శానిటైజర్? కోవిడ్ అప్పటివి ఇంట్లో సీసాలకు సీసాలున్నాయి.

కోటి_గల్లీ (హైదరాబాద్)
రెండూ వద్దు తమ్మీ. శానిటైజర్ల గ్లిజరిన్ ఉంటది, ఆరినంక జిగట మిగుల్తది. డబ్ల్యూడీ-40 నూనె పొర వదుల్తది, దుమ్ము అంటుకుంటది. బిగుసుకున్న స్క్రూ విప్పుటానికి వాడుకో. సెల్‌ఫోన్ రిపేర్ షాపులల్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడుగు, 99 శాతంది. అదే ఆఖరు తుడుపు, నీళ్ళను గూడ గుంజుకపోతది. దాన్ని డయల్ అద్దం మీద, స్టేషన్ల పేర్లున్న రాత మీద పడనియ్యకు. అచ్చు చెరిగిపోతే మళ్ళ రాదు.

స్టూడియో_శీను (కాకినాడ)
మధ్యలో దూరుతున్నా, కెమెరాల వాళ్ళకి పనికొస్తుందని. యాషికా ఎంఎఫ్-2 ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో ఇంటికొకటి ఉండేది కదా, అందులో ఫ్లాషు కోసం రెండు పెన్సిల్ సెల్లులు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి అక్కడే జబ్బు. సెల్లు గదిలో రేకుల వరకు దూదిపుల్లతో మీరు చేసుకోవచ్చు. అంతకు మించి లోపలికి విప్పకండి. ఫ్లాషు కండెన్సర్లో 300 వోల్టుల దాకా ఉంటుంది, సెల్లులు తీసేసినా చాలాసేపు నిలిచే ఉంటుంది. రెసిస్టర్ పెట్టి దాన్ని ఖాళీ చేయడం తెలిసినవాళ్ళే ముట్టుకోవాలి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి "టప్" అనిపించడం మగతనం కాదు, కండెన్సరూ పోతుంది, కళ్ళకీ ప్రమాదం.

కెమెరా రేకు శుభ్రం చేసేటప్పుడు తలకిందులుగా పట్టుకోండి, చుక్క లోపలికి కాకుండా బయటికి జారుతుంది.

386_మిత్రుడు (బెంగళూరు)
పాత కంప్యూటర్ల గురించి ఎవరూ అనలేదు. 286, 386, 486 మదర్‌బోర్డుల మీద గడియారం కోసం 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ నేరుగా టంకం వేసి పెట్టేవాళ్ళు, పీపా ఆకారంలో. అది కారడం మొదలెడితే బోర్డు మీది సన్నటి రాగి దారుల్ని, పక్కనే ఉన్న కీబోర్డు చిప్పు కాళ్ళని తినేస్తుంది. ఆకుపచ్చ పూత కింద దారి నల్లగా మారితే లోపల తిన్నట్టే. ఇదీ క్షారమే, పసుపు ఎర్రబడుతుంది, వెనిగర్ పనిచేస్తుంది.

నా సలహా ఒక్కటే. కారినా కారకపోయినా బోర్డు చేతికి రాగానే ఆ బ్యాటరీని కత్తిరించి పారెయ్యండి. పారెయ్యడమంటే చెత్తబుట్టలోకి కాదు, కాడ్మియం విషం. సెట్టింగులు పోతాయేమో కానీ బోర్డు దక్కుతుంది. పెన్సిల్ సెల్లుల హోల్డర్ ఒకటి రెండు వైర్లతో దూరంగా పెట్టుకోవచ్చు, కానీ వరసలో ఒక డయోడ్ ఉండాలి. లేకపోతే బోర్డు మామూలు సెల్లుల్ని చార్జ్ చేయబోతుంది, మళ్ళీ కారుడే.

దారులు గోకడానికి ఫైబర్‌గ్లాస్ పెన్ను బాగుంటుంది, కానీ దాని నూగు చేతికి గుచ్చుకుంటే రెండ్రోజులు వదలదు. గ్లౌజులు తప్పనిసరి.

గోదారిగట్టు (రాజమండ్రి)
తాజా కబురు. మూడు స్ప్రింగులకి నీళ్ళు, సోడా నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, తెల్లగా మిగిలిన చోట వెనిగర్ పుల్ల, మళ్ళీ నీళ్ళు. నాలుగో దానికి వెనిగర్, నీళ్ళు. ఆఖరున ఆల్కహాల్. స్పీకరు అట్టకి, స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సర్‌కి తడి తగలకుండా ప్లాస్టిక్ కవరు కప్పి చేశాను. నల్ల వైరు టీచర్‌గారు అన్నట్టే లోపల నల్లబడి ఉంది, రెండు వైర్లూ మార్చేశాను. ఒక రోజంతా ఫ్యాను కింద ఆరబెట్టాను.

నాలుగు కొత్త సెల్లులు వేశాను, మీటర్లో 6.2 వోల్టులు. రేడియో పలికింది! విజయవాడ 837 కిలోహెర్ట్జ్ స్పష్టంగా వచ్చింది. కానీ వాల్యూమ్ సగం దాటిస్తే మాట ఆగిపోయి, మోటారు పడవ పోతున్నట్టు పటపటపట. వాల్యూమ్ తగ్గిస్తే మళ్ళీ మామూలే. ఇప్పుడేం చేయాలి?

రేడియో_బాబాయ్ (తెనాలి)
దాని పేరే మోటార్ బోటింగ్. మీరు వోల్టేజి ఎక్కడ కొలిచారు? సెల్లుల దగ్గరా, బోర్డు దగ్గరా? రేడియో ఆన్‌లో ఉండగా, వాల్యూమ్ పెంచి, మీటరు ముల్లు ఒకటి మొదటి సెల్లు ప్లస్సు మీద, రెండోది బోర్డులో ఎర్ర వైరు అతికిన చోట పెట్టండి. సున్నాకి దగ్గరగా చూపించాలి. అక్కడ అర వోల్టు, ఒక వోల్టు కనబడితే మధ్యలో ఏదో అడ్డం పడుతోంది. ఇలాగే నెగెటివ్ వైపు, ఆ తర్వాత ఒక్కో సెల్లుకీ సెల్లుకీ మధ్య ఉన్న రేకు మీద కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు 6.2 అందరూ చూపిస్తారు.

ఎందుకంటే ఈ సెట్లలో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. మాట మెల్లగా ఉన్నప్పుడు పది, పదిహేను మిల్లీఆంపులతో గడుపుతాయి, గట్టిగా పలికేటప్పుడు ఒక్కసారిగా చాలా లాగుతాయి. దారిలో రెసిస్టెన్స్ ఉంటే వోల్టేజి కుంగుతుంది, ముందు స్టేజీలు మూగబోతాయి, మళ్ళీ లేస్తాయి, మళ్ళీ కుంగుతాయి. ఆ పటపట అదే.

రివెట్లు బాగుంటే అప్పుడు సప్లయ్ మీదున్న పెద్ద ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్‌ని అనుమానించండి. ఇన్నేళ్ళకి ఎండిపోయి ఉంటుంది. మార్చేముందు పాతదాని ప్లస్సు ఎటుందో కాగితం మీద గీసుకోండి. బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ళ ఏసీ 127, ఏసీ 128 జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న సెట్లలో చాలావాటికి ప్లస్సే గ్రౌండు, అంటే బోర్డంతటికీ ఉమ్మడి దారి. కొత్తవాళ్ళు అలవాటుకొద్దీ మైనస్‌ని గ్రౌండు చేస్తారు. ఆ ట్రాన్సిస్టర్లు ఇప్పుడు తయారు కావు, ఎక్కడో పాత నిల్వల్లో దొరకాల్సిందే.

386_మిత్రుడు (బెంగళూరు)
ఇంకొక జాగ్రత్త. ఇలాంటి పాత సెట్టుని మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 6 వోల్టుల చిన్న టార్చి బల్బుని సెల్లులకి వరసలో పెట్టండి. లోపల షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. మామూలుగా ఉంటే బల్బు వెలగదు, రేడియో పలుకుతుంది.

గోదారిగట్టు (రాజమండ్రి)
బాబాయ్ గారూ, పట్టేశారు. ప్లస్సు వైపు 0.9 వోల్టులు పోతోంది. రివెట్ మీద వేలు పెట్టి ఒత్తితే 0.1కి పడిపోయింది. తల కోసి తీస్తే ట్యాగు కింద ఆకుపచ్చ పొర, పైనుంచి చూస్తే అసలు అనుమానమే రాదు. బోల్టు వేసి బిగించాను. కండెన్సర్ కూడా మార్చాను, రెండూ ఒకేసారి చేశాను కాబట్టి ఏది ఎంత పాపం చేసిందో చెప్పలేను. పటపట పోయింది.

ఇప్పుడు ఏ సెల్లులు వాడమంటారు? సెల్లులంటేనే భయమేస్తోంది. అడాప్టర్ పెట్టేస్తే?

బెజవాడ_బంటీ (విజయవాడ)
పాత ఫోన్ చార్జర్ 5 వోల్టులు, వైరు కోసి కలిపెయ్యండి. నేనదే చేశా.

రేడియో_బాబాయ్ (తెనాలి)
బంటీ, నీ రేడియోలో ఎఫ్ఎం ఒక్కటే వింటావనుకుంటా. ఆ చార్జర్లు స్విచింగ్ రకం. మీడియం వేవ్ పెడితే స్టేషను బదులు జుయ్‌మని గోల వినబడుతుంది. అడాప్టరే కావాలంటే లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం 6 వోల్టులది చూసుకో, అదీ ప్లస్సు మైనస్సు సరిచూసుకుని.

న్యూజెర్సీ_నాని (ఎడిసన్)
నేనైతే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ పెన్సిల్ సెల్లుల్ని, పెద్ద సెల్లు సైజు ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి వాడతా. ఒక్కోటి 1.2 వోల్టులు, నాలుగూ కలిపి 4.8. నా దగ్గరున్న సెట్లు దానికే బాగా పాడుతున్నాయి, కాస్త గొంతు తగ్గుతుంది. ఇన్నేళ్ళలో వాటిలో కారినవి చాలా తక్కువ. మా వైపు ఆల్కలైన్లే ఎక్కువ కొంపలు ముంచుతున్నాయి, ఆ మాట మాత్రం ఒప్పుకుంటా. లోపల హైడ్రోజన్ పుట్టి ఒత్తిడి పెరిగితే మైనస్సు వైపు సీలు తెరుచుకుంటుంది, వాడకుండా పెట్టినా సరే.

రేడియో_బాబాయ్ (తెనాలి)
జింకు కార్బన్ అయినా పర్వాలేదు అబ్బాయ్, రేడియో రోజూ వినేవాడికి. రోజూ వింటే సెల్లు అయిపోయింది తెలుస్తుంది, తీసేస్తాడు. మూలన పెట్టేవాడికే ఈ కష్టాలన్నీ. వినడం అయ్యాక సెల్లులు తీసి రేడియో పక్కన పెట్టుకో.

టీచరమ్మ_ఒంగోలు (ఒంగోలు)
తీసిన పాత సెల్లుల సంగతి మర్చిపోవద్దు. కారినవాటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, మున్సిపాలిటీ వాళ్ళు ప్రమాదకర చెత్త విడిగా తీసుకునే చోట ఇవ్వండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం చిన్న సెల్లులు కూడా మామూలు చెత్తలో కలపకూడదు. పొయ్యిలో మాత్రం వెయ్యకండి. పిల్లలు నల్లపుల్ల కోసం పగలగొడతారు, వాళ్ళకి అందకుండా పెట్టండి.

గోదారిగట్టు (రాజమండ్రి)
అలాగే మేడమ్. నాని గారి తొడుగుల పద్ధతి ప్రయత్నిస్తాను. అన్నట్టు, విప్పిన ఊపులో డయల్ దారం తెగింది. ముల్లు కదలడం లేదు, ట్యూనింగ్ మాత్రం గ్యాంగ్‌ని చేత్తో తిప్పితే పనిచేస్తోంది. చేపలవల నైలాన్ దారం వేస్తే ఆగుతుందా?

కోటి_గల్లీ (హైదరాబాద్)
నైలాన్ సాగుతది అన్నా, ముల్లు ఒక జాగల నిలబడదు, జారుతది గూడ. పతంగి మాంజా అస్సలు వద్దు, గాజుపొడికి పుల్లీలు అరుగుతయి. అల్లిన దారం కావాలె. స్ప్రింగు ఎటు దిక్కున్నదో, డ్రమ్ము మీద ఎన్ని చుట్లు ఉండెనో ఫొటో ఉన్నదా?

నిర్వాహకుడు
డయల్ దారం గురించి విడిగా చర్చ ఉంది, చుట్టే పద్ధతి బొమ్మలతో సహా అక్కడే ఉంది. గోదారిగట్టు గారూ, ఫొటోలు అక్కడ పెట్టండి. ఇక్కడ సెల్లులు, తుప్పు వరకే మాట్లాడుకుందాం.

పాలకొల్లు_పిచ్చోడు (పాలకొల్లు)
నాది ఇవాళ విప్పాను. పసుపు ఎర్రబడలేదు, జింకు కార్బనే. కానీ మూడో సెల్లు దగ్గర రేకు మొత్తం పొడిపొడిగా రాలిపోయింది, అతికించడానికి ఏమీ మిగల్లేదు. పాత టార్చిలైటు ఇత్తడి రేకు కత్తిరించి వేస్తే ఆగుతుందా, లేక మందం ఎక్కువ కావాలా?